నాలుగు పలికిన గొంతు

బండి కదిలే ముందు మా ఇంట్లో అంకెలు చెప్పుకుంటాం. ఇది నాన్న పెట్టిన అలవాటు. ఆయన ముప్పై ఒక్క ఏళ్ళు ఒక గని ముఖద్వారం దగ్గర బిళ్ళల గుమాస్తాగా పనిచేశారు. లోపలికి దిగే ప్రతి మనిషికీ అంకె చెక్కిన ఇత్తడి బిళ్ళ ఇవ్వడం, మనిషి పైకి వచ్చాక ఆ బిళ్ళ తీసుకుని చెక్క మీది మేకుకు తగిలించడం ఆయన పని. పొద్దు వాలేసరికి ఒక్క మేకు ఖాళీగా కనిపించినా సైరను మోగవలసిందే. తన హయాంలో ఒక్కణ్ణి కూడా లోపల మరిచిపోలేదని ఆయన అప్పుడప్పుడూ అనేవారు. గొప్పగా చెప్పుకోవడానికి ఆయనకు ఉన్నది అదొక్కటే కాబట్టి మేము ప్రతిసారీ కొత్తగా విన్నట్టు వినేవాళ్ళం.

ఇంట్లో ఆయన ఒకటి, అమ్మ రెండు, నేను మూడు, తమ్ముడు నాలుగు. కోడళ్ళు వచ్చినప్పుడు కొత్త అంకెలేవీ పుట్టలేదు. జంటకు ఒకటే బిళ్ళ అన్నారు నాన్న, ఇద్దరిలో ఎవరు పలికినా చాలు. "పెళ్ళికి ముందు నాకో పూర్తి పేరుండేది మావయ్యా, ఇప్పుడు అంకెలో సగం మిగిలాను," అని నా భార్య ఆయన్ను ఆటపట్టించేది. తమ్ముడి భార్య ఏమీ అనలేదు. తమ్ముడు దేనికైనా ఆలస్యంగా పలికే మనిషి. చిన్నప్పుడు వాడి వంతు వచ్చేసరికి కిటికీలోంచి దేన్నో చూస్తూ ఉండిపోయేవాడు. విసుగెత్తి అమ్మే వాడి తరఫున "నాలుగు" అనేసేది. పెళ్ళయ్యాక ఆ బాధ్యత మరదలికి వచ్చింది.

నేను చెబుతున్న వేసవికి తమ్ముడు పోయి ఏడాదీ రెండు నెలలు. ముప్పై ఆరేళ్ళు. ఆఫీసు మెట్లెక్కుతూ రెండో మలుపు దగ్గర కాసేపు కూర్చుంటానన్నాడట. మళ్ళీ లేవలేదు.

మరదలు పళ్ళ లాబులో పనిచేస్తుంది. డాక్టర్లు పంపిన అచ్చుల్లో ప్లాస్టరు పోసి, దాని మీద మైనంలో ఒక్కొక్క పన్నూ నిలబెట్టి, కట్టుడు పళ్ళ సెట్లు తయారు చేస్తుంది. నాన్న నోట్లో ఉన్న పై వరుసా కింది వరుసా ఆమె చేతి పనే. ఆయన ఆమెను డాక్టరమ్మా అని పిలుస్తారు. ఆ వేసవిలో వేరే ఊరి నుంచి ఒక పెద్ద లాబు వాళ్ళు ఆమెను రమ్మన్నారు. పని, పైన ఉండడానికి ఒక గది. నెలాఖరులోగా జవాబు కావాలన్నారు. మాతోనే ఉండమని నాన్న అడిగారు. నా భార్య అడిగింది. నేను నా పద్ధతిలో, అడగకుండా అడిగాను. అమ్మ మాత్రం ఆ విషయం ఎత్తలేదు. కోడలు కట్టుకున్న చీరల్ని, కూర్చున్న కుర్చీల్ని చూస్తూ ఉండేది, వాటి మీద కొడుకు చెయ్యి ఇంకా ఆని ఉన్నట్టు.

"ఒకసారి అందరం ఎక్కడికైనా వెళ్దాం మావయ్యా," అంది మరదలు చివరికి. "ఈ ఇంట్లో ఏ గోడ వైపు తిరిగినా ఆయనే. బయట చెబుతాను."

ఆ ప్రయాణం అందుకోసం. ఆమె ఉంటుందో, వెళుతుందో చెప్పే ఒక్క మాట కోసం మేము ఐదుగురం ఒక అద్దె వ్యానులో బయలుదేరాం.

నేషనల్ పార్కు పేరు విని వెళ్ళాం. గేటు దగ్గరే రెండు గంటలు పట్టింది. మాకు కేటాయించిన జాగా రెండు పెద్ద వాహనాల మధ్య ఒక పీలిక. ఒకవైపు జనరేటరు, మరోవైపు పాటలు. లోయను చూసే కటకటాల దగ్గర నాలుగు వరుసల జనం. ముందు వాళ్ళ తలల మీదుగా ఎత్తిన ఫోన్లలో మాత్రమే లోయ కనిపించింది. ఆడవాళ్ళ మరుగుదొడ్డి ముందు వరుస మలుపు తిరిగి టికెట్ల గది దాకా సాగింది. తప్పిపోయిన పిల్లల పేర్లు మైకులో ఆగకుండా వినిపిస్తూనే ఉన్నాయి. మధ్యాహ్నానికి అమ్మకు తలనొప్పి పట్టుకుంది. నా భార్య ఏదో పట్టికలో వెతికి, యాభై కిలోమీటర్ల అవతల ఒక చిన్న గుడారాల మైదానం ఉందని చెప్పింది. ఆరు జాగాలు, ఒక చేతిపంపు. కరెంటు లేదు, ఫోను పలకదు.

"అక్కడికే వెళ్దాం అక్కా," అంది మరదలు. "ఇక్కడ మన మాట మనకే వినిపించడం లేదు."

ఆమె జవాబు అక్కడ చెబుతుందని అందరికీ అర్థమయింది. అందుకే తొందర పడ్డాం. అందుకే నాకు కొంచెం భయం కూడా వేసింది.

సామాను సర్దడంలో మాకు చోటు చాలలేదు. ముందు నేనూ నా భార్యా, మధ్య సీటులో కాళ్ళు చాపుకుని నాన్న, వెనక సీటులో ఒక పక్క అమ్మ, మరో పక్క మరదలు. ఆ ఇద్దరి మధ్య, చుట్టిన గుడారాన్ని నిలువుగా నిలబెట్టాం. అది పైకప్పును తాకింది. అమ్మ కళ్ళ మీద తడి తువ్వాలు వేసుకుని వెనక్కి వాలింది.

మా జాగా కోసం వెనక మరో కారు హారను మోగిస్తూనే ఉంది. నారింజ రంగు కోటు వేసుకున్న పార్కింగు మనిషి నా కిటికీ మీద వేళ్ళతో తట్టాడు. "కదలండి సారూ. మీరు వెళితే ఇంకొకళ్ళు బతుకుతారు," అన్నాడు. నేను అతనితో ఏదో వాదిస్తున్నాను. అప్పుడే మరదలు నా పక్కకు వచ్చి ఒక మాట అంది. ఆమె చేతుల్లో రెండు ఖాళీ నీళ్ళ క్యాన్లు ఉన్నాయి. నేను అతని మీంచి చూపు తిప్పకుండానే తల ఊపాను.

తరువాత స్టీరింగు పట్టుకున్నాను. తలుపు మూసిన చప్పుడు వినిపించింది; ఎవరు ఎటువైపు నుంచి మూశారో చూడలేదు.

"ఒకటి," అన్నారు నాన్న.

"రెండు," అని తువ్వాలు కింద నుంచి అమ్మ గొంతు.

"మూడు," అన్నాను నేను.

కొంత విరామం. వెనక కారు మళ్ళీ హారను మోగించింది. ఆ విరామం ఎంతసేపో ఇప్పుడు నేను ఖచ్చితంగా చెప్పగలను, ఎందుకంటే దాన్ని ఆ తరువాత చాలాసార్లు కొలిచాను. ఒక శ్వాస తీసి వదిలినంత.

"నాలుగు," అని వెనక నుంచి వినిపించింది.

నేను బండి కదిలించాను.

నేను తూనికలు, కొలతల తనిఖీ శాఖలో పనిచేస్తాను. కాటా పళ్ళెంలో ఏమీ పెట్టకుండానే ముల్లు బరువు చూపిస్తే ఆ కాటాని మేము తిరస్కరిస్తాం. దుకాణదారు ఎంత బతిమాలినా ముద్ర వేయం. ఇరవై రెండేళ్ళుగా ఆ పని చేస్తున్న నేను ఆ మధ్యాహ్నం ఒక అంకె విన్నాను, గొంతు వినలేదు. నిజంగా వినలేదా అని అడిగితే జవాబు అంత సులభం కాదు. అమ్మ గొంతు నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. చెవి విన్నదాన్ని మనసు తీసుకోకపోవడానికి తెలియకపోవడం ఒక్కటే కారణం కానక్కరలేదు. తీరిక లేకపోయినా సరిపోతుంది.

దారి పొడవునా రద్దీ పలచబడుతూ వచ్చింది. ఇరవయ్యో కిలోమీటరు దగ్గర ఎదురయ్యే బండ్లు తగ్గాయి. నాన్న నిద్రపోయారు. మట్టిరోడ్డు మలుపు దగ్గర నా భార్య బిస్కెట్ల పొట్లం విప్పి వెనక్కి చాచింది. అమ్మ ఒకటి తీసుకుంది. "చెల్లీ, నీకూ?" అంది నా భార్య. జవాబు లేదు.

"పడుకోనీ," అన్నాను నేను.

ఆ మాట అన్నప్పుడు నాకు కలిగింది ఊరట. ఈ కథలో నేను దాచుకోదలచుకుంటే దాచుకోగలిగింది ఇదొక్కటే. ఆమె నిద్రపోతున్నంతసేపు ఆమె జవాబు చెప్పదు. చెప్పనంతసేపు ఆమె మాతోనే ఉన్నట్టు. అద్దంలో గుడారం తప్ప ఏమీ కనిపించలేదు. ఆ గుడారం వెనక ఆమె ఉందని అనుకోవడం నాకు హాయిగా ఉంది.

మైదానం చెప్పినట్టే ఉంది. పొడవాటి చెట్లు, వాటి కింద రాలిన బెరడు, తుప్పు పట్టిన చేతిపంపు. ఇంజను ఆపగానే నిశ్శబ్దం చెవులకు బరువుగా తగిలింది. కాపలాదారు ఒక పెద్దాయన. రిజిస్టరు పట్టుకుని నెమ్మదిగా నడిచి వచ్చి, ఎంతమంది అని అడిగాడు.

"ఐదుగురం."

అతను బండిలోకి తొంగిచూశాడు. "నలుగురే కనబడుతున్నారు."

వెనక ఒకామె పడుకుని ఉందని చెప్పాను. అతను బండి చుట్టూ తిరిగి అవతలి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి చూశాడు. అలా వెళ్ళి చూడాలన్న ఆలోచన ఆ గంటన్నరలో మాలో ఒక్కరికీ రాలేదు.

"బ్యాగుంది, శాలువా ఉంది," అన్నాడు. "మనిషి లేదండీ."

నా భార్య దిగి అవతలి తలుపు దగ్గరికి పరుగెత్తింది. నాన్న మేలుకుని ఏమిటేమిటని అడుగుతున్నారు. నేను మాత్రం సీటులో అలాగే కూర్చున్నాను. మరదలు నా పక్కకు వచ్చి అన్న మాట అప్పుడు నాకు పూర్తిగా వినిపించింది: "బావగారూ, అత్తయ్య మాత్ర వేసుకోవాలి, నీళ్ళు పట్టుకొస్తాను, ఒక్క నిమిషం." నేను తల ఊపాను.

"మరి నాలుగన్నది ఎవరు?" అన్నారు నాన్న.

అమ్మ కళ్ళ మీది తువ్వాలు తీసింది. దాన్ని రెండు చేతులతో పిండుతూ కూర్చుంది. అందులో నీళ్ళు ఎప్పుడో ఆరిపోయాయి.

"నేనే," అంది. "పలకలేదు కదా, కునుకు పట్టిందేమో అనుకుని అనేశాను. వాడు ఎప్పుడూ ఆలస్యంగానే కదా పలికేది."

వాడు అంది. అక్కడ ఎవరూ ఆ మాట సరిదిద్దలేదు.

ఫోను పలకదు, పలికినా ఆమె ఫోను మా దగ్గరే, ఆమె బ్యాగులోనే ఉంది. అమ్మనూ నా భార్యనూ అక్కడ దింపి, సామాను గబగబా నేల మీద పడేసి, నేను బండి తిప్పాను. నాన్న దిగనన్నారు. పార్కు గేటు ఆరింటికి మూస్తారు. అప్పుడు మూడూ ముప్పావు.

మట్టిరోడ్డు దాటాక, కింది పళ్ళు కొంచెం కదులుతున్న చప్పుడుతో నాన్న మొదలుపెట్టారు.

"మేం బిళ్ళ తీసుకునేటప్పుడు మొహం కూడా చూసేవాళ్ళం రా. ఒకడి బిళ్ళ ఇంకొకడు తెచ్చిస్తాడు, అలసిపోయి ఉంటారు, స్నేహం కొద్దీ తెస్తారు. అందుకని బిళ్ళా చూడాలి, మొహమూ చూడాలి. అప్పుడే మేకుకి తగిలించాలి." దవడ నొక్కి కింది పళ్ళు సర్దుకున్నారు. "మీకు సగమే నేర్పాను."

ఆయన్ను ఓదార్చే మాట ఏదైనా అనాలని చూశాను. నాకు దొరికినవన్నీ నన్ను నేను ఓదార్చుకునే మాటలే. అడవిదారిలో ఎవరైనా ఆమెను ఎక్కించుకుని ఉంటే? కోపంతో లోయ అంచున నడుస్తుంటే? అన్నీ ఊహించాను. ఆమె మా కోసం ఎదురుచూస్తూ కూర్చుని ఉంటుందని మాత్రం ఎందుకో ఊహించలేకపోయాను.

గేటు దగ్గర జనం బయటికి వస్తున్నారు, మేము లోపలికి వెళుతున్నాం. పార్కింగు మనిషి నన్ను గుర్తుపట్టాడు.

"ఆవిడ కోసమేనా? వచ్చారా మొత్తానికి," అన్నాడు. "మైకులో చెప్పిస్తాను, పేరు చెప్పమ్మా అంటే, వాళ్ళకి పేరు తెలియదు, అంకె అయితే తెలుస్తుంది అంది. తేడా మనిషేమో అనుకున్నాను సారూ. స్టూలు వేశాను, నీడలో కూర్చోమంటే వినలేదు."

మా బండి నిలిపిన చోట ఇప్పుడు ఎవరిదో ఎర్ర కారు ఉంది. దాని ముందు, జాగా అంచున కట్టిన రాతి గట్టు మీద ఆమె కూర్చుని ఉంది. నిండిన రెండు క్యాన్లు కాళ్ళ దగ్గర. ఎండకు ముఖం ఒక పక్క ఎర్రబడింది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది. చీర వెనకపక్క అంటిన దుమ్ము దులుపుకుంది.

నాన్న బండి తలుపు పట్టుకుని దిగారు. ఆమె ఎదురుగా నిలబడి ముఖంలోకి చూశారు. చాలాసేపు చూశారు.

"ఎక్కమ్మా," అన్నారు.

ఆమె కదలలేదు. నేను దగ్గరికి వెళ్ళి, తప్పు నాదన్నాను. నువ్వు చెప్పింది వినకుండానే తల ఊపానన్నాను.

"తెలుసు బావగారూ. మీరు ఎప్పుడూ అలాగే ఊపుతారు."

ఆ మాటలో వెక్కిరింత లేదు. ఉంటే బాగుండేదనిపించింది.

ఆ తరువాత ఆమె చెప్పింది. క్యాన్లు నింపుకుని తిరిగి వచ్చేసరికి బండి ఇంకా అక్కడే ఉంది. ఆమె బండి వెనక మూడు బారల దూరంలో ఉంది. కిటికీలు తెరిచే ఉన్నాయి. ఒకటి విన్నది, రెండు విన్నది, మూడు విన్నది.

"పిలుద్దామనే నోరు తెరిచాను," అంది. "అంతలో అత్తయ్య నాలుగు అన్నారు. ఇంక నేను ఏమని పిలవాలి?"

ఎర్ర కారు వాళ్ళు వచ్చి తలుపులు తెరిచారు. వాళ్ళకు దారి ఇవ్వడానికి మేము ముగ్గురం కొంచెం పక్కకు జరిగాం.

"నీ స్థానంలో కాదమ్మా," అన్నాను. "అమ్మ తమ్ముణ్ణి తలుచుకుని అంది."

అన్న తరువాత నేనేమి అన్నానో నాకు అర్థమయింది. ఆమెకు నాకంటే ముందే అర్థమయి ఉంటుంది.

"అదే నేను చెప్పేది," అంది నెమ్మదిగా. "ఈ ఏడాది పొడుగునా నేను ఆయన కోసమే పలికాను. ఆయన కుర్చీలో కూర్చున్నాను, ఆయన టీ కప్పులో తాగాను. మీరంతా నన్ను బాగా చూసుకున్నారు, కాదనను. కానీ చూసుకున్నది నన్నేనా అని అనుమానం ఉండేది. మొదట కోపం వచ్చింది. తరువాత మీరెప్పటికి గమనిస్తారో చూద్దామని గేటు దగ్గరి గడియారం చూస్తూ కూర్చున్నాను. గంట వరకూ చూశాను. ఆ తరువాత చూడడం మానేశాను బావగారూ. ఇంత జనంలో, ఎవరి తరఫునా కాకుండా, ఊరికే కూర్చుని ఉన్నాను. హాయిగా అనిపించింది. అలా అనిపించినందుకు భయం వేసింది."

నాన్న ఏదో అనబోయారు. పళ్ళు కదిలి మాట నలిగిపోయింది. ఆమె చూపు వెంటనే ఆయన నోటి మీదికి వెళ్ళింది.

"కింది వరుస వదులైంది మావయ్యా. లాబులో నా పక్కన కూర్చునే అతనికి చెప్పి వెళతాను. మీరు ఫోను చేసి వెళ్ళండి."

ఆమె జవాబు అదే. యాభై కిలోమీటర్ల అవతలి నిశ్శబ్దం కోసం దాచుకున్న మాట, హారన్ల మధ్య, పళ్ళ వరుస గురించి మాట్లాడుతూ చెప్పేసింది.

ఆరింటికి గేటు దగ్గర నుంచి రైల్వేస్టేషనుకు బస్సు ఉందని ఆమె అప్పటికే కనుక్కుని ఉంచుకుంది. నేను బండిలోంచి ఆమె బ్యాగు తెచ్చాను. శాలువా తెచ్చాను. ఆమె బ్యాగు తెరిచి ఫోను చూసుకుంది, అందులో మా నుంచి ఏ కబురూ లేదు, ఉండే వీలూ లేదు. నేను స్టేషను దాకా దింపుతానన్నాను. వద్దంది. అమ్మతో ఒక్కమాటైనా చెప్పి వెళ్ళమని నాన్న అడిగారు. ఆమె వంగి క్యాన్లు రెండూ ఎత్తి నాకు అందించింది.

"రాత్రి మాత్ర పడుకునే ముందు వేసుకోమనండి. పొద్దుటిది మానేశారు."

బస్సు నిండా జనం. ఆమె ఎక్కాక ఎక్కడ కూర్చుందో, అసలు కూర్చుందో లేదో మాకు కనిపించలేదు. నాన్న మాత్రం బస్సు మలుపు తిరిగే దాకా ఒక్కొక్క కిటికీనీ వరసగా చూస్తూ నిలబడ్డారు.

మేము మైదానం చేరేసరికి నా భార్య ఒక్కతే గుడారం వేసేసింది, ఒక వైపు వాలుగా. దిగింది ఇద్దరమేనని చూసి ఆమె మళ్ళీ గుడారం తాళ్ళు బిగించడానికి వంగింది. అమ్మ చేతిపంపు గట్టు మీద కూర్చుని ఉంది. క్యాన్లు ఆమె ముందు పెట్టాను. మాత్ర గురించి చెప్పాను. అమ్మ ఒక క్యాను మూత తీసి, దోసిట్లో నీళ్ళు పోసుకుంది. తాగలేదు. వేళ్ళ సందుల్లోంచి అవి కారిపోయే దాకా చూస్తూ ఉండిపోయింది.

"తిట్టిందా?" అని అడిగింది.

"లేదు."

"తిట్టాల్సింది," అంది అమ్మ.

ఆ మైదానంలో మేము అనుకున్న నిశ్శబ్దం అంతా ఉంది. మాలో ఎవరికీ అది అక్కరలేకపోయింది. తెల్లవారగానే గుడారం విప్పి చుట్టాం. ఈసారి దాన్ని నిలువుగా పెట్టలేదు, నేల మీద పడుకోబెట్టాం. వెనక సీటు ఈ చివర నుంచి ఆ చివర దాకా కనిపించింది.

నేను ఇంజను ఆన్ చేసి, అలవాటుగా ఆగాను. "ఒకటి" కోసం ఎదురుచూశాను. నాన్న పలకలేదు. ఆయన మెడ తిప్పలేరు కాబట్టి ఒళ్ళంతా కష్టంగా వెనక్కి తిప్పుకుని, అమ్మ ముఖంలోకి చూశారు. అమ్మ తల దించుకుంది. ఎత్తే దాకా చూశారు. తరువాత నా భార్యను చూశారు. అద్దంలో నన్ను చూశారు. చివరికి మళ్ళీ వెనక్కి తిరిగి, అమ్మ పక్క ఖాళీని, మా అందరినీ చూసినంతసేపూ చూశారు.

అప్పుడు ముందుకు తిరిగి, "పద," అన్నారు.